మూడో కాటు

కుక్క కరిచినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోకూడదు. లాక్కుంటే పళ్ళు దిగినచోట కండ చీలిపోతుంది. చెయ్యి లోపలికే తోయాలి. నోరు నిండితే ఎంతటి జంతువైనా దవడ వదులుతుంది. పశువుల ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన ఆవిడకి ఈ విద్య మనుషులెవరూ నేర్పలేదు. చేరిన మొదటి ఏడాదే ఒక వేటకుక్క నేర్పి, ఆవిడ ఎడమ మోచేతి కింద చారెడు కండ గురుదక్షిణగా తీసుకుంది.

సూది వేసేది డాక్టరు, కుట్లు వేసేది డాక్టరు, పేరు కూడా ఆయనదే. వేసినంతసేపూ జంతువుని కదలనివ్వకుండా పట్టుకునేది ఆవిడ. పట్టు పడితే ఉడుంపట్టే. అందుకే ఆసుపత్రిలో అందరూ ఉడుమక్క అనేవారు. ఆవిడ మొగుడు లేతు మిషను పనివాడు, కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. అతను మాత్రం పెళ్ళయిన కొత్తలో ఏమని పిలిచాడో ఇప్పుడూ అలాగే "ఏమే" అనేవాడు. చివరికి ఒక గాడిద తన్నిన తన్నుకి ఆవిడకి రెండు పక్కటెముకలు విరిగాయి. మూడు నెలలు మంచం మీద ఉండి వచ్చేసరికి ఆ పనిలో ఇంకో మనిషి ఉన్నాడు.

అప్పుడు కబురు పంపింది బడి ప్రిన్సిపాలు. ఆయన ఏటా తన పెద్ద కుక్కకి టీకా వేయించుకుపోయేవాడు. నలుగురు మగాళ్ళు పట్టలేని ఆ కుక్కని ఈవిడ ఒక్కతే మెడ కింద మోచెయ్యి వేసి నిలబెట్టడం చూసి ఉన్నాడు.

"పిల్లల్ని పట్టుకోగలవా?" అని అడిగాడు.

"ఎంత బరువుంటారండీ?" అంది.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వులాటకి అడగలేదు.

ఆ బడిలో చదువంతా పరాయి భాషలోనే. గేటు దగ్గర సిమెంటు నేల మీద అడ్డంగా నీలంరంగు గీత గీశారు. గీత దాటి లోపలికి వచ్చారంటే ఇంటి భాషని గొడుగులాగా ముడిచి బయటే పెట్టేయాలి. పిల్లలూ, టీచర్లూ, గేటు కాపలావాడూ, ఊడ్చే మనిషీ, ఎవరైనా సరే. నీళ్ళు కావాలన్నా, కడుపులో నొప్పన్నా బడి భాషలోనే చెప్పాలి. అలా ముంచి ఉంచితే భాష దానంతటదే వస్తుందట, చేపపిల్లకి ఎవరైనా ఈత నేర్పుతారా అనేవాడు ప్రిన్సిపాలు. ఆవిడకి నలభై మాటలు రాసిన చిన్న పుస్తకం ఇచ్చి మెడలో వేసుకోమన్నాడు. కూర్చో, లే, రా, ఆగు, నీళ్ళు, చేతులు, మెల్లిగా. ఆ నలభై మాటల్లో లేనిదేదైనా ఉంటే చేత్తోనే చెప్పాలి.

రెండో తరగతి గది ముప్ఫై మందికి కట్టినది. కూర్చునేది యాభై రెండు మంది. ఇద్దరు పట్టే బల్లకి ముగ్గురు. నడుమ దారి లేదు. పాతికేళ్ళు కూడా నిండని టీచరమ్మ ముందు మూడు వరుసలకి పాఠం చెప్పేది. వెనక వరుసల్ని చూపుతో మాత్రమే చేరగలిగేది. నాలుగో నెలకి గొంతు పోయి, డస్టరుతో బల్ల మీద కొట్టి పాఠం నడిపేది. ప్రత్యేకంగా చూసుకోవలసిన పిల్లల కోసం నలుగురు ఆయాలు ఉన్నట్టు రాసి ఆఫీసు గోడ మీద పటం కట్టి పెట్టారు. ఆ నలుగురూ ఆవిడే.

"నాలుగు కాళ్ళవాటిని పట్టిన చెయ్యి కదా, నలుగురి కింద లెక్కేశారు" అన్నాడు మొగుడు.

చేరిన వారంలోనే ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. ఇంటి దగ్గరైతే "పోవే దొంగమొహమా" అనుకుని అక్కడితో పోయే తగాదాలు ఈ గదిలో పోవడం లేదు. నోటి నుంచి ఇంటి మాట వస్తే పేరు బోర్డు మీదికి ఎక్కుతుంది, ఆటల గంటంతా గోడ వైపు తిరిగి నిలబడాలి. బడి భాషలో తిట్లు ఎవరూ నేర్పలేదు. అందుకని పిల్లలు చేత్తో కానిచ్చేవారు. బల్ల కిందనుంచి తొడలో పెన్సిలు మొన దిగేది. జడ పట్టి బల్ల చెక్కకి తల మోదేవారు. వేళ్ళు డెస్కు మూత కింద పెట్టి మూసేవారు. అంతా చప్పుడు లేకుండా. దెబ్బ తిన్నవాళ్ళు కూడా ఏడుపు మింగేవారు, ఏడుస్తూ ఏ మాట జారుతుందోనని. సాయంత్రం గీత దాటగానే మొత్తం గుంపంతా ఒక్కసారి భళ్ళున అరిచేది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

"మొరిగే కుక్క కరవదంటారు" అంది మొగుడితో. "ఇక్కడ యాభై రెండు మూతులకి చిక్కం కట్టి, మళ్ళీ కరవకుండా కూర్చోమంటున్నారు."

"జీతం పట్టుకోడానికిస్తున్నారా, సామెతలు చెప్పడానికా?"

"రెండూ ఒకే జీతమయ్యా."

ఆ గదిలో వెనక నుంచి రెండో బల్ల మీద ఏడేళ్ళ ఆడపిల్ల ఒకతె ఉండేది. గేటు కాపలావాడు దానికి కందిరీగ అని పేరు పెట్టాడు. పుల్లలాంటి మనిషి. పక్కవాళ్ళ మోచెయ్యి తగిలితే వాతపెట్టినట్టు ఉలిక్కిపడేది. కుర్చీలు జరిపిన మోతకి చెవులు మూసుకుని నుదురు బల్లకేసి కొట్టుకునేది. అలాంటి పిల్లని ఇద్దరి మధ్య ఇరికించి కూర్చోబెట్టారు. ఏ భాషలోనూ దానికి పది మాటలకి మించి లేవు. వాటిలో గట్టి మాట ఒకటే: వద్దు. ఆ ఒక్క మాటకీ రోజూ బోర్డు మీద పేరు ఎక్కేది.

మాట చెల్లనప్పుడు పళ్ళు వాడేది. మొదటి కాటు పక్క బల్ల పిల్లవాడి భుజం మీద. రెండోది టీచరమ్మ మణికట్టు మీద. రెండూ ఆఫీసులో ఎర్ర అట్ట పుస్తకంలోకి ఎక్కాయి, తేదీతో, సంతకాలతో. మూడోది ఎక్కితే పేరు కొట్టేస్తారు. బడి నియమం అది.

దాని తల్లి బట్టలు కుట్టే మనిషి. రెండో కాటు పడిన సాయంత్రం మెడలో టేపుతో అలాగే మిషను దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, గీత బయట ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇది నాలుగో బడి. ఇక్కడా పోతే ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసి పనికి పోవాలి. పోయినేడు అదే చేశాను. కిటికీ చువ్వలు కొరికి కూర్చుంది. ముందు పన్ను విరిగింది చూశావు కదా, అది ఆ చువ్వే."

"మూడోది పడనివ్వను" అంది ఉడుమక్క. ఎలాగో అప్పటికి ఆవిడకే తెలియదు.

తెలిసింది ఇదొకటే: పుస్తకంలో ఎక్కేవి పిల్లల మీద, టీచర్ల మీద పడ్డ కాట్లు. ఆయా తనంతట తాను చెప్పకపోతే ఎవరికీ పట్టదు. మొగుడి పాత జీన్సు ప్యాంటు కాళ్ళు మోకాళ్ళ దగ్గర కత్తిరించి, లోపల తువ్వాలు ముక్క పెట్టి, రెండు చేతులకీ తొడుగులు కుట్టుకుంది. పైన పొడుగు చేతుల చొక్కా. పిల్ల ఒళ్ళు బిగుసుకుంటోందని కనబడగానే దాని నోటికీ పక్కవాళ్ళ భుజానికీ మధ్య తన ముంజేయి పెట్టేది. పళ్ళు దిగేవి. లోపలికి తోసేది. పిల్ల వదిలేది. తొడుగు దాటి దిగిన గాట్లు కూడా ఉండేవి.

సాయంత్రం మొగుడు టింక్చరు సీసా తీసుకుని కూర్చునేవాడు.

"ఇవాళ ఎన్ని?"

"ఒకటి."

"రెండు వరసలు కనబడుతున్నాయి."

"పైదవడా కిందిదవడా కలిపి ఒకటేనయ్యా. నీకు లేతు తప్ప ఏ లెక్కా రాదు."

ఉన్న మూడు వేళ్ళతోనే దూది ఒత్తేవాడు. మండుతుందని తెలిసి ముందే ఉఫ్‌మని ఊదేవాడు.

కానీ పట్టుకోవడం వేరు, ఊరుకోబెట్టడం వేరు. ఆసుపత్రిలో సూది పడ్డాక ఏ జంతువుకైనా చెవి దగ్గర నోరు పెట్టి "అయిపోయిందమ్మా, అయిపోయింది" అనేది ఆవిడ. గుర్రానికీ అదే, పిల్లికీ అదే. మాట అర్థమయ్యేనో లేదో, ఆ గొంతుకి ఒళ్ళు సడలేది. ఒకరోజు నోట్లోంచి నురగ వచ్చేలా గింజుకుంటున్న కందిరీగని చంకనేసుకుని, ఆట మైదానం అడ్డంగా దాటి, గేటు బయట గీత అవతలికి తీసుకుపోయి ఆ మాటే అంది. అయిపోయిందమ్మా, అయిపోయింది. పిల్ల ఊపిరి ఆడింది. గుప్పిళ్ళు విచ్చుకున్నాయి. కాసేపటికి తనంతట తానే గీత దాటి లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడింది.

ఆ తరవాత అదే పద్ధతయింది. రోజుకి రెండుసార్లు, ఒక్కోరోజు ఐదు సార్లు. గేటు కాపలావాడు స్టూలు జరిపి దారి ఇచ్చేవాడు.

"సరిహద్దు దాటుతున్నారు. కాగితాలున్నాయా?" అనేవాడు గీత మీద నిలబడి, ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి. అలా నిలబడితే ఏ భాషయినా మాట్లాడవచ్చని అతని వాదన.

"నీ కాలు తియ్యి, తొక్కుతాను."

పదకొండు కాట్లు అలా గడిచాయి. ఎర్ర పుస్తకంలో రెండు దగ్గరే ఆగి ఉంది.

తనిఖీవాళ్ళు వచ్చే రోజు ముందే తెలిసింది. తరగతికి ముప్ఫై మందికి మించి ఉండకూడదు, అవసరమైన పిల్లల పక్కన మనిషి ఉండాలి. వాళ్ళు చూసేవి ఆ రెండే. ఆ పొద్దున ప్రిన్సిపాలు చేతిలో జాబితాతో గది గుమ్మంలో నిలబడి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు పిల్లల్ని ఏరాడు. బడి భాష గడగడా మాట్లాడే ముప్ఫై మంది లోపల మిగిలారు. నత్తివాడు, చెవి సరిగ్గా వినబడని పిల్ల, భయమేస్తే చెడ్డీ తడుపుకునేవాడు, ఊరికే నవ్వే కవలలు, పాఠంలో వెనకబడ్డవాళ్ళు పదహారు మంది, కందిరీగ. మొత్తం ఇరవై రెండు.

మెట్ల కింద ఆట సామాను గది ఉంది. లోపల పాత పరుపులు, గాలి పోయిన బంతులు, తాళ్ళు, ఆటల్లో విసిరే ఇనుప గుండ్లు. పైన బెత్తెడు వెంటిలేటరు.

"చప్పుడు వినబడకూడదు" అన్నాడు ప్రిన్సిపాలు బడి భాషలో, మెల్లగా, ఆవిడకి వచ్చిన నలభై మాటల్లోంచి ఏరుకుంటూ. తరవాత నీలిగీత వైపు చెయ్యి చూపించి, పెదాల మీద వేలు పెట్టుకుని, అడ్డంగా తల ఊపాడు. ఒకవేళ ఏదైనా వినబడినా, ఇంటి భాష మాత్రం అసలు వినబడకూడదని.

తలుపు వేసి బయటనుంచి గొళ్ళెం పెట్టింది గేటు కాపలావాడే. పెట్టే ముందు గుసగుసగా అన్నాడు. "నన్ననకు అక్కా. అరగంట. వాళ్ళు అటు పోగానే తీస్తాను."

తనిఖీవాళ్ళు గంట ఆలస్యంగా వచ్చారు. కాపలావాణ్ణి ముందు గుమ్మం దగ్గర సలాం కొట్టడానికి నిలబెట్టారు. గొళ్ళెం సంగతి అతను మర్చిపోలేదు, కదలడానికి వీల్లేకపోయింది.

మొదటి పావుగంట పిల్లలు పరుపుల మీద బుద్ధిగానే కూర్చున్నారు. తరవాత గాలి వేడెక్కింది. ఒకడు చెడ్డీ తడుపుకున్నాడు. తడి పరుపు అంతా పాకింది. పక్కవాళ్ళు జరిగారు, వాళ్ళ పక్కవాళ్ళు గోడకి నొక్కుకుపోయారు. ఎవరో ఎవరినో గిల్లారు. గిల్లినవాడి చెంప మీద గోళ్ళు పడ్డాయి. కవలల్లో ఒకతె తాడు తీసి పక్కపిల్ల మెడకి చుట్టి లాగింది. ఉడుమక్క తాడు విప్పింది. అటు తిరిగితే ఇటు, ఇటు తిరిగితే అటు. నత్తివాడి ముక్కు మీద బంతులకి గాలికొట్టే పంపు పడి నెత్తురు కారింది. వాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇరవై ఇద్దరు పిల్లలు చీకటి గదిలో ఒక్క మాట లేకుండా కొట్టుకుంటున్నారు. వినబడేదల్లా చొక్కాలు చిరిగే చప్పుడు, ఒంటి మీద దెబ్బపడే చప్పుడు, ముక్కులతో పీల్చే గాలి. పద్దెనిమిదేళ్ళలో ఏ బోను పక్కనా ఆవిడకి అంత భయం వెయ్యలేదు.

కందిరీగ మూలకి చేరి నుదురు గోడకి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. ఉడుమక్క పిల్లల మీదుగా పాకి వెళ్ళి గోడకీ నుదుటికీ మధ్య అరచెయ్యి పెట్టింది. పిల్ల ఆవిడ కళ్ళలోకి చూసి, "వద్దు" అంది. స్పష్టంగా. తరవాత గట్టిగా. తరవాత గొంతు చించుకుని.

పైన మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది.

మామూలు రోజయితే ఈపాటికి చంకనేసుకుని గీత వైపు నడిచేది. తలుపుకి గొళ్ళెం ఉంది. ఇక్కడే ఆ మాట చెవిలో చెబితే సరిపోయేది. కానీ ఆ మాట ఎప్పుడూ గీత అవతలే చెప్పింది, దాని చోటు అదే అన్నట్టు అలవాటు పడిపోయింది. నోరు తెరిచింది కూడా. వేలు పెదాల మీద పెట్టుకున్న ప్రిన్సిపాలు కనబడ్డాడు. బూట్లు సరిగ్గా నెత్తి మీద ఆగాయి. మూడో కాటు కాదు, ఈ ఒక్క అరుపుతోనే పిల్ల పేరు పోతుందనిపించింది. అరచెయ్యి తెచ్చి పిల్ల నోరు మూసింది.

పిల్ల కరిచింది. తొడుగు ముంజేతికి ఉంది, అరచేతికి లేదు. బొటనవేలి కింద మెత్తటి కండలో పళ్ళు కలుసుకున్నాయి. విరిగిన పన్ను మిగతావాటికన్నా ముందు దిగింది. చెయ్యి తనకు తెలిసిన పని తాను చేసింది. లోపలికి తోసింది. పిల్ల తల వెనక గోడ ఉంది. ఇంకా గట్టిగా కరిచింది, ఇంకా గట్టిగా తోసింది. దవడ వదలాలి. ఎంతటి జంతువైనా వదలాలి. చిన్న ముఖం, పెద్ద చెయ్యి. చెయ్యి నోటితో ఆగలేదని, ముక్కుని కూడా కప్పేసిందని ఆవిడకి తెలియలేదు. కాళ్ళు ఆవిడ పక్కటెముకల మీద, గాడిద తన్నిన చోటే, టపటపా తన్నాయి. తరవాత మెల్లిగా తన్నాయి. తరవాత ఆగాయి.

దవడ వదిలింది.

హమ్మయ్య అనుకుంది. ఆ అనుకోవడాన్ని ఆవిడ తరవాత ఎన్నడూ క్షమించుకోలేదు.

చెయ్యి తీస్తే పిల్ల ముఖం మట్టిరంగులో ఉంది. మెడ పక్కకి వాలింది. ఉడుమక్క పిల్లని ఒళ్ళో బోర్లా వేసుకుంది. ఈనిన కుక్క ఊపిరి లేని పిల్లని వదిలేస్తే ఏం చెయ్యాలో చేతులకి తెలుసు. వేలితో నోట్లో ఉన్నది తీసింది. అది తన నెత్తురే. కొంగుతో వీపు చర్మం ఊడేలా రుద్దింది. రెండు భుజాల మధ్య అరచేత్తో చరిచింది. "అయిపోయిందమ్మా" అంది. పైన బూట్లున్నాయో లేవో చూడలేదు. "అయిపోయింది, అయిపోయింది తల్లీ, లే." చరుస్తూనే ఉంది.

ఆవిడ నోట ఇంటి మాట వినగానే మిగతా ఇరవై ఒక్కమందికీ గీత చెరిగిపోయింది. అందరూ ఒకేసారి అందుకున్నారు. అమ్మా అని ఒకరు, నెత్తురు అని ఒకరు, తలుపు తలుపు అని ఒకరు. ఆ అరుపుల మధ్య ఎక్కడో కందిరీగ ఒక్క దగ్గు దగ్గి, ఆవిడ ఒళ్ళో కక్కుకుని, ఊపిరి తీసింది.

తలుపు ఎవరూ తీయలేదు. ఇనుప గుండు ఒకటి తీసుకుని గొళ్ళెం ఉండే చోట కొట్టింది. అరచేతి నెత్తురుకి గుండు జారింది. రెండు చేతులతో పట్టి మళ్ళీ కొట్టింది. ఏడో దెబ్బకి చెక్క చీలి తలుపు తెరుచుకుంది. ఆ చప్పుడుకి దిగివచ్చిన ప్రిన్సిపాలు, టీచరమ్మ, కళ్ళద్దాల తనిఖీ అధికారిణి, ఆమె వెనక ఇద్దరు గుమస్తాలు వరండాలో నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ మీద పడుతూ లేస్తూ ఇరవై ఒక్కమంది పిల్లలు మైదానంలోకి పరుగెత్తారు. చివర ఉడుమక్క వచ్చింది, పిల్లని భుజానేసుకుని, మోచెయ్యి దాకా ఎర్రగా.

పిల్లని టీచరమ్మ తీసుకుని నీళ్ళు పట్టింది. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, నోటి చుట్టూ ఐదు వేళ్ళ గుర్తులు. ఉడుమక్క అరచెయ్యి బొటనవేలి కింద చేపనోరులా తెరుచుకుని ఉంది.

ప్రిన్సిపాలు ఆఫీసులో ఎర్ర పుస్తకం తెరిచి రాశాడు. ఆవిడ ముందుకి జరిపి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. గీత లోపల ఆయన నోట ఇంటి భాష ఆవిడ వినడం అదే మొదలు.

"పిల్ల నిన్ను కరిచింది. నువ్వు విడిపించుకున్నావు. ఆ పెనుగులాటలో దానికి తగిలింది. జరిగిందదే కదా. సంతకం పెట్టు, నీ మీదికి ఏమీ రాదు."

"పెడితే అది మూడోదా సార్?"

"ఆ సంగతి నీకెందుకు?"

"మూడోదా?"

ఆయన కలం ఆవిడ వైపు జరిపాడు. అధికారిణి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. చుట్టిన గుడ్డ తీయించి అరచెయ్యి చూసింది.

"ఇవి పళ్ళ గాట్లేనా?"

"పళ్ళవేనండి."

"అయితే పిల్ల కరిచినట్టే కదా."

"లేదండి. అరుస్తుంటే నోరు మూశాను. నోట్లో పళ్ళుంటాయి కదండీ, నా చెయ్యే వాటి మీదికి పోయింది. అది వదిలించుకోబోయింది. నేనే తోశాను. ముక్కు కూడా మూసుకుపోయింది. కాసేపు దానికి ఊపిరి లేదు."

"ఏమంటున్నావో తెలుసా?" అన్నాడు ప్రిన్సిపాలు.

"తెలుసండి."

"పోలీసులు వస్తారు."

"రానివ్వండి. మెట్ల కింద గదిలో ఇరవై రెండు మందిని ఎందుకు పెట్టారని వాళ్ళూ అడుగుతారు కదా."

అధికారిణి కలం మూత తీసింది. ఉడుమక్క మొదటినుంచి చెప్పింది, తొడుగులూ పదకొండు కాట్లూ సహా. దేన్నీ తగ్గించలేదు. చేసింది చేసినట్టే చెప్పింది.

ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. పోలీసుస్టేషనులో రెండు రోజులు కూర్చోబెట్టి, పిలిచినప్పుడు రావాలని పంపారు. బడికి నోటీసు వచ్చింది. యాభై రెండు మందిని రెండు గదుల్లోకి విడగొట్టారు. టీచరమ్మ మాత్రం ఒకతే, గంటకో గదిలో. ఎర్ర పుస్తకంలో కందిరీగ పేరు కింద రాసిన మూడో వరస కొట్టేశారు.

ఆరో రోజు మధ్యాహ్నం కందిరీగ తల్లి ఇంటికి వచ్చింది. మొగుడు తలుపు తీశాడు. ఆమె అతన్ని దాటి లోపలికి వచ్చి, మంచం మీద కూర్చున్న ఉడుమక్క చెంప మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారి చెయ్యి మడిచి కొట్టింది. పెదవి చిట్లింది. మొగుడు అడ్డం రాబోతే ఉడుమక్క కట్టుకట్టిన చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వు కూర్చోవయ్యా."

తల్లి రొప్పుతూ నిలబడింది. మెడలో టేపు అలాగే ఉంది.

"దాన్ని చూసుకోమన్నాను నిన్ను."

"అన్నావు."

"చంపబోయావు."

"అవును."

కాదంటే ఇంకా కొట్టేదేమో. అవునన్న మనిషిని ఏం చెయ్యాలో తెలియక గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుంది. మొగుడు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఎవరికివ్వాలో తేల్చుకోలేక.

"బడిలో ఉంచుకుంటామన్నారు" అంది తల్లి. "నేను వచ్చి పక్కన కూర్చుంటేనే. రోజూ, బడి వదిలేదాకా. మిషను అమ్మేస్తున్నాను. ఇంటి భాష మాట్లాడకూడదట. నాకూ మెడలో పుస్తకం వేశారు." కళ్ళు తుడుచుకుంది. "నిన్న దాన్ని పట్టుకోలేకపోయాను. నా పిల్లేగా, నాకు పట్టు దొరకలేదు. ఆ తొడుగులు ఇలా ఇవ్వు."

ఉడుమక్క లేచి చిలక్కొయ్యకి వేలాడుతున్న తొడుగులు తీసి ఇచ్చింది. తల్లి వాటిని తిరగేసి చూసింది. కుట్టు వెంట గోరు నడిపింది.

"ఇదేం కుట్టు. గోనెసంచి కుట్టినట్టు."

"నేను దర్జీని కాదు కదమ్మా."

"అరచెయ్యి ఎందుకు వదిలేశావు?"

ఉడుమక్క కట్టుకట్టిన చెయ్యి చూసుకుంది. చెప్పే జవాబు కట్టు కింద ఉంది.

"ఎలా పట్టుకోవాలో చూపించు" అంది తల్లి.

"మాటల్లో చెబితే రాదు." ఉడుమక్క వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. వేటకుక్క తీసుకున్న గుంట దగ్గర నుంచి మణికట్టు దాకా పాత గాట్లూ కొత్త గాట్లూ ఉన్నాయి. ముంజేతిని అడ్డంగా ఆమె నోటి ముందు పెట్టింది. "ముంజేయి ఇవ్వాలి. అరచెయ్యి ఎప్పుడూ ఇవ్వొద్దు. ముక్కు నీకు కనబడుతూ ఉండాలి. కనబడకపోతే తీసెయ్యి, కండ పోయినా సరే."

"లోపలికి తోయాలని స్టేషనులో చెప్పావంట కదా."

"అది కుక్కలకి. దీనికి తోయొద్దు, లాక్కోవద్దు. ఉంచాలి. ఉంచి, చెవిలో చెప్పు. గీత లోపలైనా సరే, పైన ఎవరున్నా సరే."

"ఏమని?"

"నువ్వు ముందు కరువు. చెబుతాను."

తల్లి ఆ చేతిని చూసింది. మొగుడు కిటికీ వైపు తిరిగాడు. ఆమె వంగి పళ్ళు ఆనించింది, తరవాత కరిచింది, నేర్చుకోవడానికి ఎంత కావాలో అంతకన్నా చాలా గట్టిగా. నెత్తురు చెమ్మ కనబడింది. ఉడుమక్క చెయ్యి తోయలేదు, లాక్కోలేదు. ముక్కు కనబడుతోందో లేదో చూసుకుంది. ఆమె చెవి దగ్గరికి వంగి, ఎంతసేపటికీ వదలకపోయినా, ఆ మాటే చెబుతూ కూర్చుంది.